పదహారు ముడుల దారం

రిజిస్టరు కవరు వచ్చినప్పుడు నూర్ అహమ్మద్ రేకు గొట్టానికి మాటు పెడతాండాడు. పోస్టుమ్యాన్ బయ్యన్న సైకిలు దిగి, కవరు ఎత్తి చూపించినాడు.

"సంతకం చెయ్యాల నూరన్నా. బళ్ళారి నుంచి వచ్చిండాది."

"రవ్వంతసేపు ఉండప్పా. మాటు చల్లబడితే మళ్ళా మొదటికొస్తాది."

సీసం కరిగి అతుకు పొడుగునా సన్నంగా పాకేదాకా నూర్ తల ఎత్తలేదు. తరువాత గొట్టాన్ని పైకెత్తి, ఒక కన్ను మూసుకోని, ఎండకేసి చూసినాడు. యాడా వెలుతురు రాలేదు. అప్పుడు చేతులు లుంగీకి తుడుచుకోని సంతకం పెట్టినాడు. ఇంగ్లీషు రాదు, ఉర్దూ చదవలేడు. తెలుగులో తన పేరు మాత్రం నింపాదిగా, గుండ్రంగా రాసుకుంటాడు. ఆ పేరంటే ఆయప్పకు అంత పిచ్చి. చేసిన ప్రతి చేద అడుగునా, ప్రతి బుడ్డిదీపం అడుగునా ఉలితో 'నూ' అని కొట్టందే అంగడి దాటనియ్యడు.

అంగడంటే ఏముంది! పామిడిలో పెన్న ఒడ్డుకు పోయే దారిలో నాలుగు గుంజలు, పైన తుప్పు పట్టిన రేకులు, ఒక కొలిమి, ఒక దాగలి. గుంజకు ఆనించి ఏడు ఇత్తనాల పెట్టెలు. అవి తీసుకునేదానికే కుందుర్పి దాకా ఉండే రైతులు కబురు పెట్టినారు. గొర్రు మీద ఇత్తనం పోసే కొయ్య గిన్నె, అదే జడ్డిగం, ఉండే చోట ఈ రేకు పెట్టె బిగిస్తారు. పెట్టె అడుగున గుంటలు తీసిన రోలరు, పక్కన చిన్న ఇనుప చక్రం. ఎద్దులు కదిలితే చక్రం నేల మీద తిరుగుతాది. దాంతోపాటు రోలరు తిరిగి, గుంటకొక శనక్కాయ ఇత్తనం గొట్టంలో పడి సాల్లోకి దిగుతాది. గొర్రు వెనకాల నడుస్తా జడ్డిగంలోకి చేత్తో ఇత్తనం విడిచే ఆడమనిషి అక్కర్లేదు. అదీ దాని గొప్ప.

"ఏమప్పా, ఎవురు రాసినారు?" అన్నాడు లక్ష్మన్న. ఐదెకరాల మెట్ట రైతు. తన పెట్టె కోసం పొద్దున్నించి రాయి మీద కూర్చోని ఉండాడు. "చదివించుకో పో. నేనీడ్నే ఉంటా. నా పెట్టె తీసుకోకుండా నేను కదిలేది లేదు. మృగశిర వచ్చింది, వాన ఈ పొద్దో రేపో."

బడి దగ్గర హెడ్మాస్టరు అద్దాలు పెట్టుకోని రెండు మార్లు చదివినాడు. తెలుగులో చెప్పేదానికి మొహమాటపడినాడు.

"బళ్ళారి కంపెనీవాళ్ళ లాయరు నోటీసు నూర్. వాళ్ళ పేటెంటు వస్తువును నువ్వు దొంగతనంగా తయారు చేసి అమ్ముతున్నావంట. పదిహేను రోజుల్లో మానుకోని, చేసినవన్నీ అప్పజెప్పకపోతే కోర్టుకు పోతారంట."

"పేటెంటంటే ఏంది సార్?"

"ఇది కనిపెట్టింది నేను, నన్ను అడక్కుండా ఇంకెవరూ చెయ్యగూడదని సర్కారు దగ్గర రాయించుకునే కాగితం."

"ఎవురు కనిపెట్టినారంట?"

హెడ్మాస్టరు కాగితం వెనక్కి తిప్పి, వేలు పెట్టి వెతికి, "తిప్పయ్య అని ఉంది," అన్నాడు.

నూర్ ఆ పేరు ఇంకొకసారి చదివించుకున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకోని ఇంటికి పోయినాడు. సంగటి కెలుకుతాండే పెండ్లాము ఖాతూన్‌బీకి ఆ పేరు చెప్తానే ఆమె తెడ్డు ఎత్తి నిలబడింది.

"ఏ తిప్పయ్య? పెట్టె చూసిపోతానని వచ్చి, మనింట్లో రెండు పూటలు సంగటి తిని, 'అమ్మా, ఊరిబిండి పచ్చడి బాగుండాది' అని ఇంగొంచెం ఏయించుకున్నాడే, ఆ తిప్పయ్యేనా?"

"ఆయప్పే."

"వాని నోట్లో మన్ను పడ! నేను చెప్తినా లేదా? కొత్త మనిషి, ఏం పనో ఏమో, అన్నీ చూపియ్యొద్దని చెప్తినా లేదా? నువ్వేం చేస్తివి, చీపురుపుల్ల విరిచి, గుంటకూ గుంటకూ మధ్య ఎడమెంతో గాట్లు పెట్టి వాని చేతికిస్తివి!"

"కొలత అడిగినాడు, ఇచ్చినా. కొలత దాచేది మా పనోళ్ళలో లేదే. మా నాయన దగ్గర బండి చక్రం కొలత ఎంతమంది తీసుకుపోలేదు? తాడిపత్రి నుంచి వచ్చి అడిగినా పుల్ల కోసిచ్చి పంపించె. నీళ్ళడిగితే లేదంటామా?"

"నీళ్ళు తాగినోడు బావి నాదనలేదు గదయ్యా!"

నూర్ తట్ట ముందర కూర్చున్నాడు. తిప్పయ్యకు పుల్ల ఒక్కటే కాదు తానిచ్చింది. "గుంట లోతు గూడా చూసుకోప్పా, ఇంగేం గావాల?" అని పెట్టె విప్పదీసి చూపించినాడు. ఆ మాట పెండ్లానికి చెప్పలేదు. తట్టలో సంగటి చల్లారిపోయింది.

మరుసటి పొద్దు మొదటి బస్సుకు అనంతపురం పోయినాడు. లాయరు శ్రీరంగప్ప పెద్ద వయసాయన. ఒకప్పుడు నూర్ చేసిన లాంతరు ఇప్పటికీ వాళ్ళ వసారాలో వేలాడతాంది. ఆ చనువుతోనే పోయినాడు. శ్రీరంగప్ప నోటీసు చదివి, ఒక లావుపాటి పుస్తకం తీసి, చాలాసేపు తిరగేసినాడు.

"వాళ్ళు కలకత్తా పేటెంటు ఆఫీసుకు దరఖాస్తు పంపింది పోయిన ఏడు మార్చిలో. నీ పెట్టె మొదట ఎప్పుడు నడిచింది?"

"అంతకు ముందేడు ముంగారు వానలకు సార్. ఎర్రప్ప చేన్లో. ఊరంతా చూసింది."

"అయితే వాళ్ళ కాగితం నిలబడదు. అంతకు ముందే నలుగురి ఎదుట నడిచిన వస్తువు మీద ఎవరికీ హక్కు రాదు. చూసినోళ్ళు ఒకరొచ్చి ప్రమాణం చేసి చెప్పాల. ఎర్రప్ప చెప్తాడా?"

"ఎర్రప్పే గదా సార్ ఇప్పుడు ఆ కంపెనీ ఏజెంటు."

శ్రీరంగప్ప ముక్కు మీద అద్దాలు సర్దుకున్నాడు. "ఇంకెవరున్నారు?"

నూర్ నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కదిరమ్మ అని కూలి మనిషి ఉండాది సార్. ఆ పొద్దు ఆడ్నే ఉండె."

"పిలుచుకురా. వాళ్ళ కాగితం కొట్టేయిస్తాం. ఆ తరువాత ఎవరైనా చేసుకోవచ్చు, నువ్వూ చేసుకోవచ్చు."

"తిప్పయ్య గూడానా?"

"వాడూ చేసుకోవచ్చు."

"నా పేరు?"

"పేరేముంది? ఎవరి పేరూ ఉండదు."

నూర్ లేవబోయి మళ్ళా కూర్చున్నాడు. బయట జట్కా గుర్రం గంటలు వినబడతాండాయి. శ్రీరంగప్ప అతన్ని చూసి నవ్వినాడు.

"పేరు కావాలంటావా? దానికీ దారుంది. తమ కాగితం పోతాదని తెలిస్తే కంపెనీ రాజీకి దిగొస్తాది. కనిపెట్టినోడి జాగాలో నీ పేరు చేర్చమని అడుగుతాం. కాకపోతే సాక్షి చూసినానంటే చాలదు. ఎవరి సాయమూ లేకుండా నీ సొంత బుద్ధితో చేసినావని చెప్పాల. ఆలోచించుకో."

ఇంటికొచ్చి ఈ రెండు దార్లూ ఖాతూన్‌బీకి చెప్పినాడు. ఆమెకు ఆలోచించేది ఏమీ కనబడలేదు.

"మొదటిదే చాలు. చేసుకుంటాం, అమ్ముకుంటాం. ఎవురి జోలికీ పోబళ్ళేదు."

"పేరు వద్దా?"

"పేరు సంగట్లో నంజుకుంటావా?"

"నీకేం తెలుసు," అని నూర్ లేచి పోయినాడు. మూడేండ్లు ఆ రోలరుకు గుంటలు తీసి తీసి, పారేసిన రేకులు గంపలకు గంపలు. ఒక గుంటలో రెండు ఇత్తనాలు పడె, ఒకదాంట్లో సగానికి తెగె. అందరూ నవ్విరి. నవ్వినోళ్ళంతా ఇప్పుడు కొనుక్కుంటాండారు, ఆ పెట్టె మీదేమో తిప్పయ్య పేరు! మనిషికి కోపమొచ్చె. న్యాయమే గదా. ఎవురికైనా మండుతాది.

కదిరమ్మ గుత్తి రోడ్డు మీద కంకర కొడతాంది. యాభై దాటిన మనిషి, మొగుడు పోయి చాన్నాళ్ళయింది. రోడ్డు పక్కన కూర్చోని, కాళ్ళ మధ్య గుండ్రాయి పెట్టుకోని, ఎడమ చేత్తో రాయి పట్టి, కుడి చేత్తో సుత్తి వేస్తాంది. ఎడమ చేతి వేళ్ళకు గుడ్డ పేలికలు చుట్టుకోనుండాది. కుడి బొటనవేలి గోరు సగానికి చీలి నల్లబడిండాది.

"ఏం నూరూ, ఎండన పడి వచ్చినావు?"

"నీతో పని పడిందక్కా." నూర్ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఎర్రప్ప చేన్లో నా పెట్టె మొదటిసారి నడిచిన పొద్దు గుర్తుండాదా?"

సుత్తి ఆగింది.

"ఎందుకుండదప్పా? ఇత్తనాలు ఒళ్ళో పోసుకోని, తూర్పుకు మొక్కుకోని, సాల్లో కాలు పెట్టబోతాంటి. 'పక్కకు జరుగు కదిరమ్మా, ఈ పొద్దు మిషను' అనె ఎర్రప్ప. ఒళ్ళో ఇత్తనాలు మళ్ళా గంపలోకి పోసేస్తి. పోసిన ఇత్తనం మళ్ళా గంపలోకి తిరగబోసింది నా పుట్టుకలో ఆ పొద్దొక్కటే. గెనెం గట్టు మీద కూర్చుంటి. మాపటి దాకా కూర్చుంటి."

"ఎందుకక్కా?"

"చూద్దామని. నా ఇత్తనం మాదిరి పడతాందా లేదా అని."

"పడిందా?"

"పడింది. మొలిచినాంక గూడా పోయి చూసినా. అచ్చం నా చెయ్యి పడినట్లే పడింది." కదిరమ్మ మళ్ళా సుత్తి ఎత్తింది. "పడకేం జేస్తాది? పెట్టె చేసేదానికి ముందు కళ్ళం అలికించి, ఉత్త గొర్రు కట్టి, నన్ను మూడు మార్లు నడిపిస్తివి గదా. పడిన ఇత్తనాల పక్కన దారం పరిచి ముడులు వేసుకుంటివి. ఏం పిచ్చోడురా ఈ దూదేకులాయప్ప అని నేనూ, నాతో కూలికొచ్చే నల్లమ్మా ఇంటికి పోయి ఒకటే నవ్వు."

నూర్ కూడా నవ్వబోయినాడు. రాలేదు. కంకర కుప్ప మీద నుంచి ఒక రాయి తీసుకోని అటూ ఇటూ తిప్పినాడు.

"ఆ తరువాత ఎవురూ పిల్వలేదా అక్కా, ఇత్తేదానికి?"

"ఎవురు పిలుస్తారు? పెట్టెలొచ్చె గదా." ఆ మాటలో దెప్పుడేమీ లేదు. ఎండ కాసింది, వాన రాలేదు అన్నట్లే చెప్పింది. "ఇంతకీ ఏం పనో చెప్పకపోతివి."

"అనంతపురంలో లాయరు కాడ చెప్పాల. ఆ పొద్దు పెట్టె నడిచిందని."

"జరిగింది చెప్పేదానికి ఏముందప్పా. మేస్త్రీకి చెప్పి రేప్పొద్దున వస్తా."

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చోని, దావ పొడుగునా ఎండిపోయిన చేన్లు చూస్తా వచ్చింది. ఎవురెవురు దుక్కి దున్నినారో, ఎవురి చేన్లో గుంటక తిరగలేదో చెప్తా వచ్చింది. శ్రీరంగప్ప ఆఫీసులో కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు. తలుపు దగ్గర నేల మీద కూర్చుంది. గుమాస్తా కాగితాలు సర్దుకున్నాడు.

"పెట్టె నీదే అనేదానికి ఏదైనా గుర్తుందా? పాత కొలతలో, బొమ్మలో?" అన్నాడు శ్రీరంగప్ప.

నూర్ జేబులోంచి సిగరెట్టు డబ్బా తీసినాడు. మూత తీసి, అందులో చుట్టిపెట్టిన దారం బయటికి లాగినాడు. మాసిపోయిన నూలు దారం, పొడుగునా ముడులు. "దీని ఎడాన్ని బట్టే రోలరుకు గుంటలు తీసినా సార్. పదహారు ముడులు. ముడికొక ఇత్తనం."

"అది నా దారమే గదా!" తలుపు దగ్గర నుంచి కదిరమ్మ గభాల్న లేచింది. మొగం ఇంత చేసుకుంది. "ఇంగా పెట్టుకోనుండావా నూరూ? ఓయమ్మా!"

ఎవురూ అడక్కుండానే దారం తీసుకుంది. గచ్చు మీద ఈ గోడ నుంచి ఆ గోడకేసి సాపుగా పరిచింది. దావలో తినేదానికి కొంగున కట్టుకున్న శనక్కాయ గింజలు పిడికిట్లోకి పోసుకుంది. దారం పక్కన నడిచింది. చూపు నేల మీద లేదు, వాకిట్లో యాడో ఉండాది. వేళ్ళు మాత్రం కదులుతాండాయి. గింజ గింజా గచ్చు మీద టక్కు టక్కుమని పడింది. గోడ దాకా పోయి తిరిగి చూసింది.

పదహారు ముడుల దగ్గర పదహారు గింజలు. పదో గింజ ఒక్కటి ముడికి వేలెడు దూరంలో పడిండాది.

"అది తప్పింది," అంది కదిరమ్మ. "సుత్తి పట్టుకోని బొటనవేలు నొస్తాంది."

గుమాస్తా కలం పక్కన పెట్టి అట్లే చూస్తాండాడు. శ్రీరంగప్ప లేచొచ్చి, వంగి, తన చేత్తోనే దారం చుట్టి నూర్ గుప్పిట్లో పెట్టినాడు. "అమ్మా, నువ్వు రవ్వంతసేపు బయట కూర్చో," అన్నాడు. ఆమె గింజలు ఏరుకోని బయటికి పోయింది.

"ఆ దారం ఇంకెవరికీ చూపించొద్దు," అన్నాడు లాయరు చిన్నగా. "చూపిస్తే ఇది నువ్వు కనిపెట్టింది కాదంటారు. కూలి మనిషి చేతిలో ఉన్నదాన్నే రేకులో పెట్టినాడంటారు. నేను నిన్ను తప్పు పట్టడం లేదు. రేకు పనీ, చక్రమూ, గుంటా నీవే. కానీ కాగితం అంత దూరం ఆలోచించదు. ఇప్పుడు చెప్పు. పెట్టె ఆ రోజు నడిచింది, నేను చూసినాను అని రాయించి ఊరుకుందామా? దాంతో వాళ్ళ కాగితం పోతాది, నీ పని నువ్వు చేసుకోవచ్చు. లేకపోతే సొంత బుద్ధి మాట గూడా రాయించాలా?"

కిటికీలోంచి నూర్‌కు కదిరమ్మ కనబడతాంది. వసారా మెట్టు మీద కూర్చోని, ఏరుకొచ్చిన గింజలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటాంది. తల పైన అతను చేసిన లాంతరు. దాని అడుగున 'నూ'.

మొదటి దారి పట్టుంటే ఈ కథ చెప్పే పని నాకు తప్పుండేది. ఖాతూన్‌బీ మాట విన్నా సరిపోయుండు. మనిషికి పేరు పిచ్చి పట్టినాక ఎవురి మాటా చెవికెక్కదు.

"రాయించండి సార్," అన్నాడు నూర్. "అంతా రాయించండి."

గుమాస్తా రాసినాడు. కదిరమ్మను లోపలికి పిలిచి, నిలబెట్టి, చదివి వినిపించినాడు. "సదరు నూర్ అహమ్మద్ గారు ఎవరి సాయమూ, ఎవరి సలహా లేకుండా, పూర్తిగా సొంత బుద్ధితో కనిపెట్టి తయారు చేసిన యంత్రమును నేను కళ్ళారా చూసియున్నాను."

"ఎవురి సాయమూ లేకుండానా?" అంది కదిరమ్మ.

గుమాస్తా లాయరును చూసినాడు. లాయరు పుస్తకం తెరిచినాడు. నూర్ తన వేళ్ళ సందున అంటుకున్న సీసం గీక్కుంటాండాడు.

"అట్ల రాస్తేనే పని అయితాదంటక్కా," అన్నాడు తల ఎత్తకుండా.

కదిరమ్మ ఆయప్పను చాలాసేపు చూసింది. కోపంగా కాదు. సంతలో తెలిసిన మనిషే తక్కువ తూచినప్పుడు చూసినట్లు చూసింది. తరువాత మేజా దగ్గరికొచ్చింది.

"యాడ వెయ్యాల్నో చూపియ్యప్పా," అంది. "ఇంగేం గావాల?"

నూర్ తల ఎత్తినాడు. ఇవే మాటలు తన నోట్లోంచి వచ్చినవే. పెట్టె విప్పదీసి తిప్పయ్య ముందర పెట్టి అన్న మాటలు. అక్కా ఆగు, ఆ ముక్క కొట్టేయించు అనాలనుకున్నాడు. మళ్ళా వేళ్ళ సందున సీసం గీక్కుంటా ఉండిపోయినాడు.

గుమాస్తా ఆమె బొటనవేలికి సిరా పూసి కాగితం మీద ఒత్తినాడు. నల్లటి మచ్చ పడింది గానీ గీతలు పడలేదు. తుడిచి మళ్ళా ఒత్తినాడు. మళ్ళా మచ్చే. నాలుగోసారికి విసుక్కున్నాడు. "ఏమమ్మా, నీ వేలికి గీతలే లేవే!"

"కంకర తినేసిందప్పా," అంది కదిరమ్మ.

చివరికి ఎడమ చేతి పేలికలు విప్పి ఆ వేలితో వేయించినారు. తిరుగు బస్సులో ఆమె వెనక సీట్లో కూర్చుంది. ఎవురి చేను గురించీ మాట్లాడలేదు.

శ్రీరంగప్ప ఆ కాగితం నకలు బళ్ళారికి పంపితే, పది పొద్దులకు జీపు వచ్చింది. తిప్పయ్య దిగినాడు, వెనకాల ఎర్రప్ప. తిప్పయ్య ఇస్త్రీ చొక్కా, నోట్లో వక్కాకు. రెండు చేతులూ చాపి నూర్‌ను వాటేసుకున్నాడు.

"పొరపాటన్నా! రాసేటోడు నీ పేరు మరిచిపోయినాడు. మన మధ్య కోర్టులేంది, లాయర్లేంది? నీ కూడు తిన్నోన్ని నేను."

స్టాంపు కాగితాలు తెచ్చినాడు. కనిపెట్టినవారు తిప్పయ్య, నూర్ అహమ్మద్ అని అందులో ఉండాది. నూర్ తన అంగట్లో పెట్టెలు చేసుకోవచ్చు. ఇంక మూడో మనిషికి మాత్రం కొలత ఇయ్యకూడదు, చూపించనూ కూడదు. ఆ ముక్క చదివినప్పుడు నూర్ "మళ్ళా చదువు" అన్నాడు. మళ్ళా చదివినారు. సంతకం పెట్టినాడు.

పోతా పోతా తిప్పయ్య ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చినాడు, పెట్టెకు కొట్టేదానికి నమూనా. మీద పేర్లు చెక్కిండాయి. నూర్ దాన్ని చింతపండుతో తోమి, ఇంటికి తీసుకుపోయి, ఖాతూన్‌బీ చేతిలో పెట్టినాడు. ఆమెకు చదువు రాదు. అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇది తిప్పయ్యా?"

"ఊఁ."

"ఇది నువ్వా?"

"ఊఁ."

బిళ్ళ వెనక్కి తిప్పి చూసింది. "కదిరమ్మ యాడుండాది?"

"నోరు మూసుకో!" అని అరిచినాడు నూర్. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె మీద ఎన్నడూ అట్ల అరవని మనిషి. ఆమె బిళ్ళను గూట్లో పెట్టి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ పూట ఇద్దరూ తినలేదు. మరుసటి పొద్దు నూర్ గూట్లో బిళ్ళ తీసుకుపోయి లక్ష్మన్న పెట్టెకు కొట్టి వచ్చినాడు.

వాన మూడోనాడు పడింది. పడింది గాదు, కుమ్మరించింది. రెండేండ్లుగా తుంపర్లే తప్ప గట్టి వాన చూడని నేల అంతా బురద బురదైపోయింది. రెండు పొద్దులు ఆగి, పదును చూసుకోని, ఊరంతా ఒక్కసారిగా గొర్లు కట్టినారు. ఆలస్యమైతే పైన గాలికి నేల ఆరిపోతాది. మళ్ళా వాన వస్తాదని ఎవురు చెప్పగలరు? ఈ గడ్డ మీద ఎవురూ చెప్పలేరు.

రెండు జాములు కాకముందే లక్ష్మన్న ఎగపోసుకుంటా అంగడికి వచ్చినాడు. "నూరన్నా, నీ పెట్టె తిరగడంలేదప్పా! పరిగెత్తు!"

చేన్లో గొర్రు సగం సాల్లో నిలబడిపోయిండాది. ఇనుప చక్రానికి ఎర్రమన్ను ముద్దలు ముద్దలుగా అంటుకోని, తిరక్కుండా ఈడ్చుకుపోతాంది. నూర్ మోకాళ్ళ మీద కూర్చోని ఇనుప మొలతో మన్ను గీకినాడు. పెట్టె తెరిచినాడు. తేమకు ఉబ్బిన ఇత్తనాలు గుంటల్లో ఇరుక్కోని, రోలరు కింద సగానికి తెగి పడిండాయి. తుడిచినాడు, నూనె పోసినాడు. రెండు సాళ్ళు నడిచింది, మళ్ళా నిలిచింది. మళ్ళా తుడిచినాడు. ఈసారి ఒక్క సాలు. వెనక్కి తిరిగి మన్ను ఎత్తి చూస్తే పది బారల పొడుగునా ఒక్క ఇత్తనం లేదు. పెట్టె మీద ఇత్తడి బిళ్ళ మాత్రం బురదలో తళతళా మెరుస్తాంది.

"ఇంగ నా వల్ల కాదప్పా," అన్నాడు లక్ష్మన్న. "ఇత్తనం పాడయ్యె, పదును పోతాండాది. కదిరమ్మకు మనిషిని పంపించినా."

నూర్ స్పానర్ తీసుకోని, తన చేత్తో తనే పెట్టె విప్పినాడు. అటక మీద పారేసిన పాత జడ్డిగం తెచ్చి బిగించినారు.

కదిరమ్మ రోడ్డు పని మీద నుంచే వచ్చింది. చీరకంతా కంకర దుమ్ము. చేతులు కాలువ నీళ్ళతో కడుక్కుంది. నూర్‌ను చూసింది, చూడనట్లే ఉండె. ఇత్తనాలు ఒళ్ళో పోసుకోని, తూర్పుకు తిరిగి మొక్కుకుంది. చెప్పులు గెనెం మీద విడిచి సాల్లో కాలు పెట్టింది. "నడిపియ్యప్పా," అంది.

ఎద్దులు కదిలినాయి. కదిరమ్మ గొర్రు వెనకాల నడుస్తా, పిడికిలి జడ్డిగం మీద పెట్టి ఇత్తనం విడుస్తాంది. మూడు గొట్టాల్లోకీ సరిసమానంగా, నిదానంగా. నూర్ గెనెం పక్కనే నిలబడినాడు. మూడో సాలుకు ఆమె దగ్గరగా వచ్చినప్పుడు అతని కళ్ళు ఆమె వేళ్ళ మీద పడినాయి.

పొడి ఇత్తనం విడిచినట్లు గాదు. తడి ఇత్తనానికి ఆమె చెయ్యి వేరేగా పోతాంది. చూపుడు వేలు రవ్వంత వెనక్కి వంచి, గింజను బొటనవేలి వాలు మీద జార్చి వదులుతాంది. అందుకే ఒకటి కూడా అతుక్కోలేదు. గుంటకు ఒక పక్క అట్లా వాలు పెడితే! ఎంత? అంగుళానికి ఎనిమిది నూలైతే, రెండు నూలు లోతా, మూడా? తెలియకుండానే ముందుకు వంగినాడు. తెలియకుండానే చెయ్యి జేబులోకి పోయి, డబ్బా మూత తీసి, దారం బయటికి లాగింది.

కదిరమ్మ తల తిప్పి చూసింది. అతని మొగం చూసింది, చేతిలో దారం చూసింది.

నడక ఆపలేదు. ఎడమ చేత్తో కొంగు లాగి, జడ్డిగం మీదుండే కుడిచేతి మీద కప్పుకుంది. కొంగు కింద చెయ్యి కదులుతాంది, ఇత్తనం పడతాంది, గొట్టాల్లో గలగలా వినబడతాంది. చెయ్యి కనబడలేదు.

నూర్ అట్లే నిలబడిపోయినాడు. పుట్టినప్పటి నుంచి పనోళ్ళ మధ్య తిరిగిన మనిషి. పని తెలిసినోళ్ళు తమ చెయ్యి తనకు కనబడకుండా కప్పుకునేది అతను చూడటం అదే మొదలు. గొర్రు చేను కొసకు పోయి మళ్ళా తిరిగొచ్చింది. కొంగు అట్లే ఉండాది.

లక్ష్మన్న పక్కకొచ్చి నిలబడి, అతని చేతిలో దారం చూసి ఆశగా అడిగినాడు. "ఏమన్నా దొరికిందా నూరన్నా? వచ్చే ఏటికి పెట్టె బాగయితాదా?"

నూర్ దారం చుట్టి డబ్బాలో పెట్టుకున్నాడు.

"ఏం కనపడలేదప్పా," అన్నాడు.